పద్నాలుగు మీటర్ల రైలు మార్గం

గుమ్మలపేటకు రైలు వచ్చిందన్న సంగతి ఆ ఊళ్లో అందరికంటే ఆలస్యంగా తెలిసినవాడు ఆ రైలు సొంతదారు జోగినాథమే.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కంటపడి బతికి బయటపడ్డ దొంగ తక్కెడ జిల్లాలో లేదని వ్యాపారులు చెప్పుకునేవారు. దేవుణ్ణి నమ్మడు, జాతకాన్ని నమ్మడు, పత్రికలో వచ్చే వాతావరణ సూచనను సగం నమ్ముతాడు. కొలతను మాత్రం పూర్తిగా నమ్ముతాడు. అరవై మూడో ఏట విశాఖపట్నంలో ఏదో ప్రదర్శనకు వెళ్లి, ఒక బల్లమీద గిరగిర తిరుగుతున్న బొమ్మ రైలును చూశాడు. దాని పక్కన ‘అసలు రైలులో ఎనభై ఏడో వంతు’ అని చీటీ ఉంది. అది నిజమో కాదో తేల్చుకుందామని జేబులోంచి టేపు తీసి చక్రం కొలిచాడు, కిటికీ కొలిచాడు, పెట్టెకు ఎక్కే మెట్టు కొలిచాడు. అన్నీ సరిపోయాయి. అమ్మేవాడు చెప్పిన కొలత సరిపోవడమన్నది తన అనుభవంలో అదే మొదటిసారి కావడంవల్ల ఆయన మనసు కరిగిపోయింది. ఒక ఇంజనూ, నాలుగు పెట్టెలూ, అట్టపెట్టెనిండా పట్టాలూ కొనుక్కుని ఇంటికి వచ్చాడు.

మేడమీది గదిలో రెండు చుట్ల లైను వేయడానికి ఏడు నెలలు పట్టింది. పట్టాల మధ్య కంకరకు సరిపోయే పరిమాణం కోసం వెతికి వెతికి, చివరికి వంటింట్లోని ఉప్మారవ్వ లెక్క ప్రకారం సరైనదని నిర్ధారించి, జిగురుతో అంటించాడు. మూడు రోజుల్లో చీమలు లైను మొత్తం మోసుకుపోయాయి. తర్వాత జల్లించిన రాతిపొడి వాడాడు. కొబ్బరిపీచుకు ఆకుపచ్చ రంగు వేసి చెట్లు చేశాడు. స్టేషను కట్టి, దానికి పసుపుపచ్చ బోర్డుమీద నల్లటి అక్షరాలతో ‘గుమ్మలపేట’ అని పేరు రాశాడు. ఊరికి ఎటూ రైలు లేదు గనక, కనీసం రైలుకైనా ఊరు ఉండాలని ఆయన ఉద్దేశం. ప్లాట్‌ఫారంమీద నిలబెట్టడానికి పదకొండు మనిషి బొమ్మలు తెప్పిస్తే, అవన్నీ కోట్లూ టోపీలూ వేసుకుని వచ్చాయి. ఆయన భార్య రత్నావళి సన్నటి కుంచె పట్టుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుని వాటికి చీరలూ పంచెలూ కట్టింది. “ఇంతకాలం ఊళ్లోవాళ్ల తక్కెళ్ల చుట్టూ తిరిగారు. ఇప్పుడు మీ చుట్టూ మీరే తిరుగుతున్నారు, నాకు సుఖంగానే ఉంది,” అంది.

సుఖం ఫారం వచ్చేదాకా సాగింది.

ఆ ఏడు పురపాలక సంఘానికి ‘పట్టణ దర్పణం’ అనే పథకం వచ్చింది. ఊళ్లో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎక్కిన దాన్ని రాజధానిలో కూర్చున్నవారు తెరమీద చూసి ఊరును పాలిస్తారు. అందుకని ప్రతి ఇంటికీ తొమ్మిది పేజీల స్వీయ ప్రకటన పత్రం పంచారు. ఏడో పేజీలో, మేడమీది నిర్మాణాలు అన్న శీర్షిక కింద నీళ్ల ట్యాంకు, రేకుల షెడ్డు, సెల్‌ఫోను స్తంభం అని అడిగి, చివర ‘ఇతరములు’ అని ఒక గడి వదిలారు. ఊళ్లో పదకొండువేల ఇళ్లవారు ఆ గడిలో అడ్డగీత గీశారు. జోగినాథం మాత్రం ‘రైలు మార్గం (నమూనా), పొడవు 14 మీటర్లు, స్టేషను ఒకటి’ అని రాశాడు.

రాయవద్దని రత్నావళి చెప్పింది. అడిగిన ప్రశ్నకు తెలిసిన సమాధానం రాయకపోవడం తప్పుడు రాయి పెట్టి తూచడంతో సమానమని ఆయన చెప్పాడు. ఆమె చెట్లమీది దుమ్ము దులపడానికి వెళ్లిపోయింది.

కంప్యూటరులో రైలు మార్గానికి వేరే గడి ఉంది. అందులో కిలోమీటర్లు తప్ప మరో కొలత పట్టదు. నమూనా అన్న మాటకు చోటు అసలే లేదు. కనక గుమ్మలపేటకు పద్నాలుగు కిలోమీటర్ల రైలు మార్గం ఉన్నట్టు నమోదయింది. గుమ్మలపేట నుంచి రావిపాడు జంక్షనుకు సరిగ్గా పద్నాలుగు కిలోమీటర్లే కావడంతో, ఆ లైను ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో కంప్యూటరుకు ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

మొదట అభినందన పత్రం వచ్చింది. ‘సదరు రైలు మార్గమును స్వచ్ఛందముగా వెల్లడించిన మీ పౌరస్పృహ శ్లాఘనీయము’ అని అందులో ఉంది. జోగినాథం దాన్ని మర్యాదగా భావించాడు. వెనకే అనుబంధ ప్రశ్నావళి వచ్చింది. కాపలా లేని లెవెల్ క్రాసింగులు ఎన్ని? రెండు, అని రాశాడు. గత సంవత్సరములో రైలు పట్టాలు తప్పిన సందర్భములు? మూడు, అని రాశాడు. కారణములు? పట్టా అతుకు ఒకసారి, ఇంటావిడ చీరకొంగు ఒకసారి, బల్లి ఒకసారి. ప్రాణనష్టము? బల్లికి తోక ఊడింది, మళ్లీ మొలుస్తున్నది.

పదిరోజులకు తాఖీదు వచ్చింది. రెండు క్రాసింగుల దగ్గర తక్షణమే కాపలాదారులను నియమించవలెనని, సదరు బల్లిపై తీసుకున్న చర్యలను సవివరముగా తెలియజేయవలెనని దాని సారాంశం.

ఆ మర్నాడు రైలు సాధన సమితి అధ్యక్షుడు శాలువాతో వచ్చాడు. ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలుగా గుమ్మలపేటకు రైలు కావాలని ప్రతి డిసెంబరులోనూ నిరాహారదీక్ష చేస్తున్న మనిషి. ఈసారి అర్జీ పెడితే ‘ఇప్పటికే కలదు’ అని జవాబు వచ్చిందట. లక్ష్యం నెరవేరింది గనక సమితిని రద్దు చేస్తూ తీర్మానించామని చెప్పి, జోగినాథం భుజాలమీద శాలువా కప్పి, డిసెంబరులో ఇక ఏం చేయాలో తోచడం లేదని కాస్త దిగులుపడి వెళ్లాడు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం దాలమ్మ రూపంలో వచ్చింది.

దాలమ్మ కూరగాయల మనిషి. కొత్తిమీర, మెంతికూర, పచ్చిమిర్చి, అల్లం రెండు గంపల్లో సర్దుకుని రోజూ ఉదయం అయిదూ నలభై బస్సుకు రావిపాడు వెళ్లి, పూటకూళ్లవాళ్లూ హోటళ్లవాళ్లూ కొనే వేళకు సంతలో కూర్చుంటుంది. ఆమె ఆ రోజు గంపలను జోగినాథం గుమ్మంముందు దించుకుని, రైలు ఎన్ని గంటలకని అడిగింది.

ఆయనకు అర్థం కాలేదు. బస్సు ఎత్తేశారని ఆమె చెప్పింది. డిపోలో అడిగితే, రైలున్న దారిలో రాయితీ బస్సు నడపకూడదని రూలు ఉందనీ, రైలు జోగినాథం గారి ఇంటినుంచే బయల్దేరుతుందనీ చెప్పారట.

“బాబూ, నాను గంట నుంచి సూత్తన్నాను. కూత కూడా ఇనపళ్లేదు,” అంది.

జోగినాథం ఆమెను మేడమీదికి తీసుకెళ్లాడు. మీట నొక్కాడు. రైలు స్టేషను దాటి, కొబ్బరిపీచు చెట్ల మధ్యగా పోయి, రత్నావళి చీరలు కట్టిన ప్రయాణికుల ముందు నుంచి మళ్లీ వచ్చింది. దాలమ్మ బొట్టుబిళ్ల అంత చక్రాలను కాసేపు వంగి చూసింది. తర్వాత గంపలోంచి ఒక కొత్తిమీర రెబ్బ తుంచి ఆఖరి పెట్టెమీద పెట్టింది. రైలు దాన్ని రెండు చుట్లు మోసి, మలుపులో పడేసింది.

“ఇదా బాబూ రైలు,” అంది మెల్లగా. “ఇరవయ్యేళ్ల కిందట నా రాయి లాక్కుపోనారు మీరు. తక్కువుందన్నారు. తక్కువే, నిజమే, నానేటీ అన్లేదు. ఇప్పుడు బస్సు కూడా ఒట్టుకుపోతే ఎలాగ? ఎండెక్కితే కొత్తిమీర ఎవుడు కొంతాడు?”

ఆ రాయి జోగినాథానికి గుర్తుంది. రెండు వందల గ్రాములకు పన్నెండు గ్రాములు తక్కువ. కానీ ఆ పూట ఆ అంకె ఆయనకు ఏ విధంగానూ ధైర్యం ఇవ్వలేదు. తాను సరిగ్గా రాసిన ఒక్క అంకె వల్ల ఒక మనిషి గంప ఎండిపోతున్నదన్నది ఆయన ఎన్నడూ ఎరగని రకం పొరపాటు. బస్సు తిరిగి వచ్చేలా చూస్తానని ఆమెకు మాట ఇచ్చి, మామూలుగా పదిన్నరకు తెరిచే పురపాలక కార్యాలయానికి పది గంటలకే వెళ్లి నిలబడ్డాడు.

దర్పణం విభాగానికి సూపరింటెండెంటు పరాంకుశం. మాట మృదువు. ప్రతి వాక్యం ముందూ కళ్లజోడు సర్దుకుంటాడు. అంతా విని, కంప్యూటరులో చేర్చడానికి మీట ఉందనీ తీసేయడానికి లేదనీ, ఉన్నది లేకుండా పోవడమన్నది అభివృద్ధిలో భాగం కాదు గనక అలాంటి మీటను రూపకర్తలు ఊహించలేదనీ వివరించాడు. కొలతైనా సరిచేయమని జోగినాథం అడిగాడు. పద్నాలుగు మీటర్లంటే కిలోమీటర్లలో సున్నా చుక్క సున్నా ఒకటి నాలుగు. పరాంకుశం నొక్కి చూశాడు. గడి చుక్కను తీసుకోలేదు. చుక్క లేకుండా నొక్కితే మళ్లీ పద్నాలుగే వచ్చింది.

“చూశారా సార్,” అన్నాడు పరాంకుశం తృప్తిగా. “మీరు రాసిందీ పద్నాలుగే, మేం ఎక్కించిందీ పద్నాలుగే. అంకె విషయంలో మనకి అభిప్రాయభేదం లేదు.”

“అది మీటరండీ, ఇది కిలోమీటరు. వెయ్యి రెట్లు తేడా. నమూనాని అసలు రైలంత పెంచి లెక్కేసినా వెయ్యిన్నీ రెండువందల పద్దెనిమిది మీటర్లే అవుతుంది.”

పరాంకుశం కలం తీసి ఆ మాట రాసుకున్నాడు. లైను కిలోమీటరు పైచిలుకు ఉన్నట్టు సొంతదారు మౌఖికముగా అంగీకరించెను, అని పైకి చదివాడు. తన కచ్చితత్వమే తనకు ఎదురుసాక్షిగా నిలబడటం జోగినాథానికి ఇదే మొదలు.

చివరికి ఒక దారి దొరికింది. లైను ప్రజోపయోగకరంగా లేదని సంయుక్త తనిఖీ సంఘం ధ్రువీకరిస్తే, పై అధికారులు మూసివేతను పరిశీలించవచ్చు. జోగినాథం అప్పటికప్పుడే అర్జీ రాసిచ్చాడు. కళ్లున్నవారు ఎవరైనా గదిలోకి వచ్చి చూస్తే చాలు, వాదనతో పని లేదని ఆయన నమ్మకం. కళ్లతో చూసినదాన్ని కాదనే మనిషి ఉండడన్నది ఆయన జీవితమంతా నిలబెట్టుకుంటూ వచ్చిన సిద్ధాంతం.

సంఘం మూడు వారాల తర్వాత రెండు జీపుల్లో వచ్చింది. ఈ మూడు వారాలూ దాలమ్మ ఆటోలో నలుగురితో కలిసి పోయి, ఎనిమిదింటికి చేరి, మిగిలిన కట్టలు వెనక్కి తెచ్చుకుంటోంది. వాటిని రత్నావళి కొంటోంది. ఇంట్లో ఇరవై రోజులుగా మెంతికూర పప్పే.

అధికారిణి హైమవతి గదంతా ఒకసారి చూసింది. పరాంకుశం వెనక నిలబడి ప్రతి మాటా రాసుకుంటున్నాడు. ఇది బొమ్మ రైలన్నది ఆమె మొహం చూస్తే ఆమెకూ తెలిసినట్టే ఉంది. కానీ ఆమె చేతిలోని పత్రంలో ఆ ప్రశ్న లేదు.

“లైను ఉందా?”

“ఉంది.”

“నడుస్తోందా?”

అబద్ధం ఆడటం జోగినాథానికి చేతకాదు. మీట నొక్కాడు. రైలు నడిచింది.

“సమయపాలన?”

“ఒక చుట్టు నలభై రెండు సెకన్లు. ఎప్పుడూ అంతే.”

హైమవతి తల ఊపింది. జిల్లాలో ఏ రైలూ అంత నమ్మకంగా నడవడం లేదని మెచ్చుకుంది. తర్వాత కళ్లజోడు తీసి ప్లాట్‌ఫారం దగ్గరికి వంగింది.

“వీళ్లెవరు?”

“ప్రయాణికులమ్మా,” అన్నాడు, ఎప్పటిలాగే నిజం చెబుతూ. “పదకొండుమంది.”

ఆమె నిటారుగా నిలబడింది. “మరి ప్రజలు వేచి ఉండగా లైను మూసేయమని మేమెలా సిఫారసు చేస్తాం, చెప్పండి?”

వారంలో నివేదిక వచ్చింది. ‘సదరు మార్గమును భౌతికముగా పరిశీలించడమైనది. మార్గము కలదు, నడుచుచున్నది. తనిఖీ సమయమున పదకొండుగురు ప్రయాణికులు క్రమశిక్షణతో నిలబడి యుండిరి. వారిలో ఎవ్వరును ఫిర్యాదు చేయలేదు. మూసివేతకు తగిన కారణము కానరాదు.’ కింద చిన్న అక్షరాల్లో, ప్రయాణికులకు కూర్చొనుటకు బల్లలు లేకపోవుట విచారకరమని ఉంది.

రత్నావళి ఆ నివేదికను రెండుసార్లు చదివింది. “నేను చీరలు కట్టకుండా ఉండాల్సింది. టోపీలతో ఉంటే మనవాళ్లు కారని వదిలేసేవారేమో,” అంది.

రైలును విప్పేద్దామా అని ఆయన అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆమె మొహం చూడలేదు, ఇంజను కేసి చూశాడు. విప్పినా కంప్యూటరులో లైను ఉంటుందిగా, అప్పుడు బస్సూ లేదు, రైలూ లేదు అని ఆమె అంది. అది తర్కానికి నిలిచే మాట. జోగినాథం కుర్చీలో కూర్చుని, తాఖీదుతో వచ్చిన రెండువందల పన్నెండు పేజీల నిబంధనావళిని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. దాన్ని ముద్రించినవాళ్లతో సహా అంతకుముందు ఎవరూ చదివిన దాఖలా లేదు. నూట తొంభై మూడో పేజీలో ఆయన వేలు ఆగింది. ‘రైలు మార్గము మరమ్మతులో నున్న కాలమునందు, ప్రయాణికుల సౌకర్యార్థము, మరమ్మతు పూర్తియగువరకు, అదే మార్గమున అదే వేళకు ప్రత్యామ్నాయ బస్సును విధిగా నడుపవలెను.’

మర్నాడు పరాంకుశం దగ్గరికి వెళ్లాడు. తీసేయడానికి మీట లేదన్నారు, మరమ్మతుకు ఉందా అని అడిగాడు. పరాంకుశం కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఉంది. పసుపు రంగుది. ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు.

“ప్రకటన మీరు సంతకం చెయ్యాలి సార్. మార్గం నడవడానికి వీల్లేని స్థితిలో ఉందని.”

“రేపు చేస్తాను,” అన్నాడు జోగినాథం. “ఇవాళ అది ఇంకా నడుస్తోంది.”

ఇంటికి వచ్చి మేడ ఎక్కాడు. రైలును ఆ పూట తొమ్మిది చుట్లు తిప్పాడు. తొమ్మిదో చుట్టు అయ్యాక ఇంజనును స్టేషనులో ఆపి, రాతిపొడి గీకి, ప్లాట్‌ఫారం ముందున్న పట్టా ముక్కను ఊడదీశాడు. పొడవు ఇరవై మూడు సెంటీమీటర్లు. అలవాటు కొద్దీ తూచాడు. నలభై ఆరు గ్రాములు. ఇప్పుడు లైను నిజంగానే తెగింది. ఏ కాగితంమీద సంతకం చేసినా అది అబద్ధం కాదు. ఆ ముక్క కనక తన దగ్గరే ఉంటే ఏ వానాకాలపు మధ్యాహ్నమో తోచక తిరిగి బిగించేస్తానన్న సంగతి ఆయనకు తెలుసు. తన నిగ్రహంమీద ఆయనకు ఉన్న నమ్మకం వాతావరణ సూచనమీద ఉన్నంతే. అందుకని ఆ ముక్కను కాగితంలో చుట్టి దాలమ్మ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడు.

“ఇది నీ దగ్గర ఉన్నన్నాళ్లూ బస్సు ఉంటుంది. నేనొచ్చి అడిగినా ఇవ్వకు.”

దాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మీరడిగితే అస్సలివ్వను బాబూ,” అంది.

సోమవారం అయిదూ నలభైకి బస్సు వచ్చింది. ముందు అద్దంమీద ‘రైలుకు ప్రత్యామ్నాయము’ అని చీటీ అంటించి ఉంది. రెండు నెలలకు ఊరివాళ్లు దాన్ని రైలనే పిలవడం మొదలుపెట్టారు. మరమ్మతు ఎంతవరకు వచ్చిందని పురపాలక సంఘం నెలనెలా అడుగుతోంది. ఒక పట్టా ముక్క అలభ్యమని జోగినాథం నెలనెలా నిజమే రాస్తున్నాడు. రైలు సాధన సమితి, మరమ్మతు త్వరగా పూర్తి చేయాలన్న కోరికతో పునరుద్ధరణ పొంది, డిసెంబరు నిరాహారదీక్షకు పందిరి వేసుకుంది. జోగినాథం ఇంజనుకు రోజూ దుమ్ము తుడుస్తున్నాడు. పదకొండుమందీ ప్లాట్‌ఫారంమీద అలాగే నిలబడి ఉన్నారు. ఎలాగూ నిలబడాలి గదా అని రత్నావళి వాళ్లకు అగ్గిపుల్లలతో రెండు బల్లలు చేసి పెట్టింది.

ఒక ఉదయం పని ఏమీ లేకపోయినా ఆయన ఆ బస్సెక్కి రావిపాడు వెళ్లాడు. ఏడు కావడానికి ఇంకా పావుగంట ఉండగానే దాలమ్మ గంపలు సగం ఖాళీ అయ్యాయి. యాభై గ్రాముల అల్లం తీసుకురమ్మని రత్నావళి చెప్పిన మాట గుర్తొచ్చి అడిగాడు.

దాలమ్మ తక్కెడ ఎత్తింది. రాళ్ల సంచిలో చెయ్యి పెట్టి వెతికి, యాభై గ్రాముల రాయి ఎక్కడో పడిపోయినట్టుంది, దాని బదులు ఇంకొకటి తీసి ఒక పళ్లెంలో అడ్డంగా పెట్టింది. ఇరవై మూడు సెంటీమీటర్ల పట్టా ముక్క అది. వాడి వాడి పట్టా కింది అడ్డకర్రల రంగు పోయింది. ఏ మూలా ముద్ర లేదు.

జోగినాథం దాన్ని చూశాడు. యాభైకి నాలుగు గ్రాములు తక్కువ. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఆయన కుడిచేతిలోకి వచ్చింది. చెయ్యి తక్కెడ వైపు సగం దూరం వెళ్లింది. బస్సు స్టాండులో వెనక ఎవరో ‘రైలు బయల్దేరతంది’ అని కేకేశారు.

దాలమ్మ అల్లం సంచిలో వేసి తల ఎత్తింది.

“సరిపోనాదా బాబూ?”

“సరిపోయింది,” అన్నాడు జోగినాథం. సంచి పట్టుకుని బస్సువైపు నడిచాడు.